చమురు చుక్కకు దారి

ఆ ఫ్యాన్ల కంపెనీలో అందరికీ ఆమె పెద్దక్కే. ఆమెకన్నా పన్నెండేళ్లు పెద్దవాడైన యజమానికీ పెద్దక్కే, నిన్న గాక మొన్న చేరిన ప్యాకింగ్ పిల్లకీ పెద్దక్కే. నిజానికి పుట్టింట్లో ఆమె నలుగురిలో ఆఖరిది. అక్కడ ఇప్పటికీ చిట్టి అనే పిలుస్తారు. ఇరవై మూడేళ్ల వయసులో రిపేరు సెక్షన్లో చేరిన కొత్తలో, తనకన్నా పెద్దవాళ్లైన ఇద్దరు మగవాళ్లకు ఒక మోటారు ఎందుకు కాలిపోయిందో విడమరిచి చెప్పిందట. వాళ్లలో ఒకాయన ఉడుక్కుని, "సరే పెద్దక్కా, తమరు సెలవిచ్చాక ఇంకేముంది" అన్నాడు. వెటకారంగా పెట్టిన పేరు ఒంటికి అతుక్కుపోయింది. పెట్టినాయన ఎప్పుడో రిటైరయ్యాడు గానీ, ఆ పేరు మాత్రం ఇరవై తొమ్మిదేళ్లుగా డ్యూటీలోనే ఉంది.

రిపేరు గది కంపెనీ వెనక వైపు, సరుకు లారీలు ఆగే చోటికి పక్కన ఉంటుంది. పొడవాటి బల్ల ఒకటి, దాని మీద నల్ల రబ్బరు పట్టా, ఐదుగురికి ఐదు స్టూళ్లు, వీధి వైపు కిటికీకి ఆనించి కౌంటరు. పొద్దున్న తొమ్మిదింటికి కిటికీ తెరిచేసరికే జనం పాడైన టేబుల్ ఫ్యాన్లను చంకన పెట్టుకుని నిలబడి ఉంటారు. లోపలంతా మెషీన్ ఆయిల్ వాసన, కాలిన రాగి తీగ వాసన. ఆ రెండూ కలిసి ముక్కుకు తగిలితే గాని పెద్దక్కకు పనిలోకి వచ్చినట్టు ఉండదు.

ఆమె చేతుల గురించి కంపెనీలో కథలు చెప్పుకుంటారు. ఫ్యాను చెవి దగ్గర పెట్టుకుని రెక్కను వేలితో ఒక్కసారి తిప్పి, రోగం చెప్పేస్తుంది. తుప్పు పట్టి కదలని స్క్రూ ఆమె చేతిలో పడితే బుద్ధిగా తిరుగుతుంది. ఆ పని ఆమెకు కొట్టిన పిండి. ఆ సంగతి ఆమెకూ బాగా తెలుసు, తెలియనట్టు నటించే మనిషి కూడా కాదు.

ఆమెకు ఇంకో అలవాటుంది. ఇక బాగుపడదనుకున్న ఫ్యానులో చచ్చిన భాగాన్ని చెత్తలో వేసేయకుండా దానికొక అట్టముక్క కడుతుంది. ఫ్యాను వయసెంత, ఎక్కడ తిరిగింది, ఎందుకు పోయింది, ఈ మూడే రాస్తుంది. "రెండేళ్లు. పిల్లలున్న ఇల్లు. జాలీలో పెన్సిలు." "నాలుగేళ్లు. బట్టలు కుట్టే షాపు. దూది పీచు." "ఆరేళ్లు. హాస్టలు. నూనె లేక." గోడకు దిగ్గొట్టిన ఇనప కొక్కేలకు ఇలాంటివి గుత్తులు గుత్తులుగా వేలాడుతుంటాయి. తోటివాళ్లు ఆ గోడను మార్చురీ అంటారు. ఇదంతా ఎందుకు రాస్తావంటే, "ఎందుకు పోయిందో ఎవరో ఒకరికి తెలియాలి కదా" అనేది. ఆ ఎవరో ఒకరు ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ గది గుమ్మం తొక్కలేదు.

ఇలా ఉండగా ఒకరోజు యజమాని వచ్చి ఖాళీగా ఉన్న స్టూలు మీద కూర్చున్నాడు. ఆయన కూర్చున్నాడంటే చెడ్డ కబురే. మంచి కబురైతే గుమ్మంలోనే చెప్పేసి పోతాడు.

"కొత్త మోడల్ వస్తోంది పెద్దక్కా. వెనక మూత జిగురుతో అతికించేస్తాం. స్క్రూలుండవు, బిగించే పనీ ఉండదు."

"పాడైతే ఎలా విప్పాలి సార్?"

"విప్పక్కర్లేదు. రెండేళ్ల లోపు పోతే కొత్తది ఇస్తాం."

"రెండేళ్ల తర్వాత పోతే?"

యజమాని స్టూలు కాస్త వెనక్కి జరుపుకున్నాడు. "అందరూ ఇలాగే చేస్తున్నారు. నేనొక్కణ్ణే స్క్రూలు పట్టుకుని వేలాడితే మునిగిపోతాను. ఈ ఏడాది చివరికి రిపేరు గది మూసేద్దాం. మీ ఐదుగురికీ ప్యాకింగ్‌లో పని చూస్తాను. ఎవరినీ వీధిన పడేయను, ఆ మాట ఇస్తున్నా."

ఆయన చెడ్డవాడు కాడు. మాట ఇస్తే నిలబెట్టుకుంటాడు కూడా. అదే పెద్దక్కకు ఇంకా చిరాకు తెప్పించింది, నోరారా తిట్టుకోవడానికైనా లేకుండా పోయింది. చిన్న చిన్న విషయాలకే ఒంటికాలి మీద లేచే మనిషి, ఆ పూట ఒక్క మాట మాట్లాడలేదు. మిగతా నలుగురికీ ఆమె అరిచి ఉంటేనే ధైర్యంగా ఉండేది.

ఇంటికెళ్లి భర్తతో చెప్పింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు, ఆచితూచి మాట్లాడతాడు. "ప్యాకింగ్ పని తేలికేగా" అన్నాడు. "తేలికే. అట్టపెట్టెలో ఫ్యాను పెట్టి మూత అంటించడం. చచ్చేదాన్ని చచ్చేలా పంపించడానికి నా చేతులే కావాలా వాళ్లకి" అంది పెద్దక్క. ఆమెకు ఏడుపొచ్చింది. ఆయనకు కనపడకూడదని ఉల్లిపాయలు ముందేసుకుని కూర్చుంది.

తర్వాతి వారం కొత్త మోడల్‌కు రూపం గీయడానికి డిజైనరు వస్తోందని తెలిసింది. పెద్దక్క పెదవి విరిచింది. ఆమె లెక్కలో డిజైనరంటే రంగులు మార్చే మనిషి. అంతకు ముందొకాయన వచ్చి, ఫ్యాను మొహానికి అడ్డంగా వెండి రంగు పట్టీ ఒకటి అంటించి వెళ్లాడు. అది మూడు నెలలు తిరక్కుండానే ఊడి రెక్కల్లో చిక్కుకునేది. ఆ అట్టముక్కలకు గోడ మీద ప్రత్యేకంగా ఒక కొక్కెమే ఉంది.

వచ్చిన అమ్మాయికి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. పెద్ద కళ్లద్దాలు, జేబుల నిండా పెన్నులు, టేపు, చిన్న కత్తెర. సరాసరి రిపేరు గదికే వచ్చింది.

"పెద్దక్కంటే మీరేనా అండీ?"

"రంగులు చూసుకునే గది మేడ మీద."

"రంగులు తర్వాత చూద్దాం. చచ్చిన ఫ్యాన్లు ఇక్కడుంటాయని గేటు దగ్గర చెప్పారు. చూడొచ్చా?"

పెద్దక్క గోడ వైపు చెయ్యి చూపించి తన పనిలో పడింది. ఐదు నిమిషాలు చూసి పోతుందిలే అనుకుంది. ఆ అమ్మాయి మూడు రోజులు పోలేదు. నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, ఒక్కో అట్టముక్కా చదివి, కారణాల వారీగా కుప్పలు పెట్టింది. చేతిరాత అర్థం కాని చోట లేచొచ్చి అడిగేది. మొదటి రోజు పెద్దక్క విసుక్కుంటూ చెప్పింది. రెండో రోజు మామూలుగా చెప్పింది. మూడో రోజు తనే పని ఆపి పక్కన కూర్చుని, ఏ ఫ్యాను ఎవరిదో కూడా చెప్పింది.

"మొత్తం పదకొండు వందల నలభై" అంది డిజైనరమ్మాయి. "ఇందులో ఎనిమిది వందల చిల్లరకి ఒకటే కారణం."

"నూనె లేక."

"మీకు తెలుసా?"

"ఒక్కొక్కటీ తెలుసు. ఇన్నని తెలీదు" అంది పెద్దక్క.

సంగతేమిటంటే, ఫ్యాను మోటారు ఇరుసు వెనక వైపు బుష్ అనే ఇత్తడి గొట్టంలో తిరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు అక్కడొక చమురు చుక్క పడితే చాలు, పదిహేనేళ్లు తిరుగుతుంది. పడకపోతే బుష్ ఎండిపోయి, ఇరుసు బిగిసి, మోటారు వేడెక్కి, తీగలు కాలి చస్తుంది. ఆ చుక్క వెయ్యాలంటే వెనక మూత తీయాలి. మూతకు నాలుగు స్క్రూలు. మూడు కనపడతాయి, నాలుగోది కంపెనీ లేబుల్ కింద దాక్కుని ఉంటుంది. మూడు విప్పి, మూత రాక, విసిగిపోయి వదిలేసినవాళ్లే అందరూ.

"స్క్రూ మీద లేబుల్ ఎవరు పెట్టమన్నారు?" అంది డిజైనరమ్మాయి.

"ఇంకెవరు, వెండి పట్టీ ఆయనే" అంది పెద్దక్క. ఇద్దరూ మొదటిసారి కలిసి నవ్వుకున్నారు.

ఆ సాయంత్రమే ఇద్దరూ యజమాని దగ్గరికి వెళ్లారు. డిజైనరమ్మాయి కాగితం ముందు పెట్టింది. "ఒక్క చుక్క నూనె అందక ఎనిమిది వందల ఫ్యాన్లు చెత్తలోకి పోయాయి సార్. ఇనుము, రాగి, ప్లాస్టిక్, వాటి మీద పెట్టిన మీ పనివాళ్ల కష్టం, అంతా పోయింది. ఇవి ఈ గదికి వచ్చినవే. ఇక్కడిదాకా తేకుండా పారేసినవి ఎన్నో మనకి తెలీదు. జిగురు పెడితే అన్నీ అదే దారి."

"జనం నూనె వేసుకోరమ్మా. వాళ్లకి ఓపికెక్కడిది?"

"దారి పెట్టి చూశామా సార్, వేసుకుంటారో లేదో తెలియడానికి?"

యజమాని గడ్డం గోక్కున్నాడు. చివరికి ఒక నెల గడువిచ్చాడు. మూత బిగించడానికి జిగురుకన్నా ఒక్క సెకను కూడా ఎక్కువ పట్టకూడదు. పనిముట్టు లేకుండా మామూలు మనుషులు దాన్ని తీయగలగాలి. ఆ మనుషులెవరో ఆయనే తీసుకొస్తాడు. తీస్తే జిగురు మానేస్తాడు. తీయలేకపోతే మళ్లీ ఆ ఊసెత్తకూడదు. మామూలు మనుషులు అన్న మాట ఇద్దరూ శుభ్రంగా విన్నారు, తలలు కూడా ఊపారు.

మర్నాటి నుంచి రిపేరు గది బల్లే డిజైన్ ఆఫీసైంది. సాయంత్రం నాలుగయ్యేసరికి అచ్చుల మేస్త్రి వచ్చేవాడు. ప్లాస్టిక్ భాగాలు పోసే అచ్చులు చెక్కేది ఆయనే. దేనికైనా ముందు "కుదరదు" అంటాడు. ఆయన కుదరదు అంటే రేపు రండి అని అర్థం. ఫ్యాన్లు బిగించే వరసలో నుంచి ఒకావిడ వచ్చేది. "మూత పడినప్పుడు టక్కుమని వినపడాలి. లేకపోతే పడిందో లేదో వంగి చూడాలి, అక్కడే పోతుంది మీ సెకను" అందావిడ. ఫ్యాను వెనక గుచ్చే కరెంటు తీగ పీకితే గాని మూత రాకూడదని, లేకపోతే కరెంటుతో ఆటలని పెద్దక్క పట్టుబట్టింది. డిజైనరమ్మాయి ఎవరి మాటకీ అడ్డు రాకుండా అన్నీ రాసుకుని, మర్నాటికి అట్టతోనో చెక్కతోనో ఒక నమూనా చేసుకొచ్చేది. మేస్త్రి చెప్పిందీ, బిగించే ఆవిడ చెప్పిందీ, తను చెప్పిందీ అందులో కనపడుతుంటే పెద్దక్కకు వింతగా ఉండేది. ఒకే ప్రహరీ లోపల ఇన్నేళ్లు పనిచేస్తూ ఈ ముగ్గురూ ఒకరికొకరు ఈ మాటలు చెప్పుకున్న పాపాన పోలేదు. అడిగినవాళ్లూ లేరు.

కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన నమూనాలు పది అయ్యాయి. ప్రతిదాన్నీ తీసి చూసేది పెద్దక్కే. అందులో అనుకోవడానికేముంది, మూతలు తీయడంలో ఆమెను మించినవాళ్లెవరు? పదకొండోది అందరికీ నచ్చింది. మూత అడుగున వేళ్లతో నొక్కే రెండు ప్లాస్టిక్ నొక్కులు, బొటనవేలు ఒక దాని మీద, చూపుడువేలు ఒక దాని మీద, కొద్దిగా మెలిపెడితే వచ్చేస్తుంది. పెద్దక్క కళ్లు మూసుకుని నాలుగు సెకన్లలో తీసింది. మేస్త్రి టీ తెప్పించాడు. డిజైనరమ్మాయి ఆ నమూనా ప్రకారం మూడు ఫ్యాన్లు చేయించింది.

పరీక్షకు ఇంకా నాలుగు రోజులుందనగా పెద్దక్క ఒక ఫ్యాను ఇంటికి తీసుకెళ్లింది. అవసరమై కాదు, గొప్పకి. ఇంట్లో అత్తగారుంది. ఆస్పత్రి లాండ్రీలో ముప్పై ఏళ్లు దుప్పట్లు ఉతికి రిటైరైన మనిషి. వేళ్ల కణుపులు వాచిపోయాయి గానీ నోటికి ఏ వాపూ లేదు.

"అత్తయ్యా, దీని వెనక మూత తీయండి చూద్దాం."

అత్తగారు ఫ్యానును ఒళ్లో పెట్టుకుని అటూ ఇటూ తిప్పింది. తట్టింది. ఊపింది. "మూత ఎక్కడుందే దీనికి?"

"వెనకే. కింద నొక్కాలి."

నొక్కింది. రాలేదు. భర్త నవ్వుతూ అందుకున్నాడు. రోజంతా స్టీరింగ్ తిప్పే చేతులు ఆయనవి. నొక్కి మెలిపెట్టాడు, రాలేదు. ఇంకాస్త బలం పెట్టాడు. పటుక్కుమని ఒక నొక్కు విరిగి మంచం కిందికి పోయింది.

"అలా కాదు, ఇదిగో ఇలా" అని పెద్దక్క మిగిలిన నొక్కుతోనే మూత తీసి చూపించింది. మళ్లీ పెట్టి ఇచ్చింది. వాళ్లకు మళ్లీ రాలేదు. మూడుసార్లు చూపించింది. మూడుసార్లూ ఆమె చేతికి వచ్చింది, వాళ్ల చేతికి రాలేదు.

అత్తగారు ఫ్యానును పక్కన పెట్టేసింది. "అది ఫ్యాను మూత కాదే. నీ బొటనవేలికి కొలతలు తీసి కుట్టిన చొక్కా."

పెద్దక్కకు నిజం అప్పుడు తెలిసింది. నెల రోజుల పాటు పరీక్ష పెట్టింది మూతకు కాదు, తన చేతులకు. ఎక్కడ ఎంత నొక్కాలో ఆమె వేళ్లు ఆమెను అడక్కుండానే కనుక్కుంటాయి. ఇరవై తొమ్మిదేళ్లు అవి చేసిన పనే అది. ఆమె తీయలేని మూత లోకంలో లేదు కాబట్టి, ఆమె తీసిందన్నదానికి ఏ అర్థమూ లేదు. అంతమంది కూర్చుని, అంత చదువుకున్న పిల్ల కూడా ఉండి, అందరూ కట్టకట్టుకుని పప్పులో కాలేశారు.

అత్తగారు ఊరుకునే మనిషి కాదు, ఇంకో మాట వేసింది. "సరే, ఎలాగో నాలాంటిది కూడా తీసి నూనె పోసుకునేలా చేశారే అనుకో. మరి నీ దగ్గరికి ఎవరొస్తారు?"

ఈ ప్రశ్న పెద్దక్కకు అంతవరకూ తట్టలేదు. గది మూతపడకూడదనే కదా ఈ గోలంతా మొదలుపెట్టింది. ఎవరి ఫ్యాను వాళ్లు బాగుచేసుకుంటే ఆ గదికి పనేముంది? నోరు మూసుకుని ఊరుకుంటే పరీక్ష తప్పుతుంది, జిగురు వస్తుంది, గది పోతుంది. నోరు విప్పితే మూత కుదురుతుంది, అప్పుడూ గది పోతుంది. ఎటు తిరిగినా తన స్టూలు ఖాళీ అయ్యేదే. కాకపోతే ఒక వైపు ఫ్యాన్లు బతుకుతాయి, రెండో వైపు చస్తాయి. ఆమెకు నిజంగానే బాధేసింది. తన మీద తనకు జాలేసింది, ఆ జాలి చూసి మళ్లీ తన మీదే కోపమొచ్చింది. మంచం కింద నుంచి విరిగిన నొక్కు ఏరి సంచిలో వేసుకుంది.

పొద్దున్నే అందరికన్నా ముందెళ్లి డిజైనరమ్మాయి ముందు ఆ ముక్క పెట్టి జరిగింది చెప్పింది. ఆ అమ్మాయి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"తప్పు నాది పెద్దక్కా. చేసినవాళ్ల చేతికే ఇచ్చి చూడకూడదని మాకు కాలేజీలో చెప్పే మొదటి పాఠం. మీరు తీస్తుంటే చూస్తూ కూర్చున్నాను, అంతే, మిగతాది మర్చిపోయాను."

"నా చేతులకేమైందిప్పుడు? బాగానే ఉన్నాయిగా."

"అదే కదా అసలు గొడవ" అంది ఆ అమ్మాయి. ఏడుపు మొహంలోంచి నవ్వొచ్చింది.

ఆ రోజే అత్తగారు కబురందుకుని, కొడుకు నడిపే బస్సెక్కి కంపెనీ దగ్గర దిగింది. గేటు దగ్గర వాచ్‌మన్, క్యాంటీన్లో గిన్నెలు తోమే ఆయన, ప్యాకింగ్ పిల్లలు, దారిన పోయే పోస్ట్‌మన్, మొత్తం తొమ్మిదిమంది పోగయ్యారు. ఎవరికీ ఏమీ చెప్పకూడదని డిజైనరమ్మాయి షరతు పెట్టింది. ఫ్యాను చేతికిచ్చి, మూత తీయండి అని మాత్రమే అనాలి. వేళ్లు ముందు ఎక్కడికి పోతాయో చూడాలి. పెద్దక్క చేతులు కట్టుకుని స్టూలు మీద కూర్చోవాలి.

ఆమె జీవితంలో అంత కష్టమైన పని చేయలేదు. వాచ్‌మన్ మూతను తలకిందులు చేసి గోకుతుంటే ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. "కింద, కింద" అని నోరు జారింది. డిజైనరమ్మాయి తలుపు వైపు చూసింది. పెద్దక్క బయటికి నడిచి, రిపేరుకి వచ్చినవాళ్లు నిలబడే చోట నిలబడి, కౌంటరు కిటికీలోంచి తొంగి చూసింది. ఆ గదిని అటు నుంచి ఆమె ఎప్పుడూ చూడలేదు.

అక్కడి నుంచే ఆమెకు కనపడింది. అడుగున ఎవరి చెయ్యీ పోలేదు. తొమ్మిదిమందిలో ఎనిమిదిమంది ముందు పట్టుకున్నది ఫ్యాను పైన ఉండే పిడినే. అత్తగారైతే పిడిని రెండు చేతులా పట్టుకుని వెనక్కి తన వైపు లాగుతోంది.

"అత్తయ్యా, అదెందుకు లాగుతున్నారు?" అంది కిటికీలోంచి.

"పట్టుకోవడానికి వీలుగా ఉన్నది ఇదొక్కటే. దీన్ని కాక దేన్ని లాగమంటావ్?"

పెద్దక్క డిజైనరమ్మాయిని చూసింది. "మనం జనాల వేళ్లని కిందికి రమ్మంటున్నాం. మూతనే పైకి తీసుకుపోతే?"

"పిడికే మూత తగిలిద్దామా?" అందా అమ్మాయి, అప్పటికే పెన్ను తీస్తూ. "పైకి ఎత్తితే పిడి. వెనక్కి వంచితే మూత."

"కుదరదు" అన్నాడు అచ్చుల మేస్త్రి. మర్నాడు పదింటికల్లా చెక్కి పట్టుకొచ్చాడు. తీగ గుచ్చి ఉన్నంతసేపూ పిడి వంగదు, తీగ పీకితే వంగుతుంది. బిగించే ఆవిడ మూత పెట్టి చూసింది, టక్కుమంది. అత్తగారు వాచిన వేళ్లతోనే ఒక్క లాగు లాగింది. మూత చేతిలోకి వచ్చేసింది. "ఆ, ఇప్పుడు మనుషుల ఫ్యానులా ఉంది" అంది.

పరీక్ష రోజున యజమాని ముగ్గురిని తీసుకొచ్చాడు. ఒకరు లెక్కల గుమాస్తా. ఇంకొకరు ఆయన సొంత అక్కగారు, డెబ్బై ఏళ్లావిడ. మూడో ఆయన్ని చూసి పెద్దక్క డిజైనరమ్మాయిని మోచేత్తో పొడిచింది. జిగురు యంత్రం అమ్మే కంపెనీ మనిషి, సంతకం కోసం కాగితాలు పట్టుకుని వచ్చాడు.

ముందు బిగింపు చూశారు. జిగురుకు పదకొండు సెకన్లు, దీనికి మూడు. తర్వాత అక్కగారి ముందు ఫ్యాను పెట్టారు. ఆవిడ తీగ పీకి, సరిగ్గా కనపడటం లేదని పిడి పట్టుకుని దగ్గరికి లాక్కోబోయింది. మూత ఊడి ఒళ్లో పడింది. "అయ్యో, పాడు చేశానేమిట్రా తమ్ముడూ" అని కంగారుపడింది. గుమాస్తా జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, స్క్రూల కోసం ఒక నిమిషం వెతికి, లేవని తేలాక సిగ్గుపడుతూ పిడి వంచాడు. జిగురు కంపెనీ ఆయన అది చూసి ఉన్నాడు కాబట్టి చిటికెలో తీసేశాడు. తీశాక, తనేం చేశాడో అర్థమై మూతను మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

యజమాని ఆయన కాగితాలు ఆయనకే ఇచ్చి పంపేశాడు. గదిలో జనం పలచబడ్డాక పెద్దక్క ముందు స్టూలు మీద కూర్చున్నాడు.

"ఇలాగైతే నీ గదిలో ఐదుగురు అక్కర్లేదు. నీకు తెలుసా పెద్దక్కా?"

"నాలుగు రోజుల నుంచీ తెలుసు సార్."

"తెలిసే చేశావా?"

"నూనె లేక పోయిందని ఎనిమిది వందల సార్లు రాశాను. ఇంక రాయకపోతే నాకు బాధేం లేదు" అంది. "గదంటారా, పోతే బాధే. లేదని చెప్పను."

తర్వాత అన్నీ ఒక్కొక్కటిగా తేలాయి. పాత ఫ్యాన్లు ఇంకా ఎన్నో ఇళ్లలో తిరుగుతున్నాయి కాబట్టి గది ముగ్గురితో నడుస్తుంది. ఇద్దరు తమంతట తామే బిగించే వరసలోకి వెళ్లారు. పెద్దక్క వారంలో మూడు రోజులు కౌంటరులో, మూడు రోజులు డిజైనరమ్మాయితో. కంపెనీ నుంచి ఏ కొత్త వస్తువు రావాలన్నా, దానికి సంబంధించిన మొదటి గీత రిపేరు గది బల్ల మీదే పడాలి. కంపెనీ అంత పెద్దదేమీ కాదు, అది రాజ్యాలు ఏలే పదవీ కాదు. ప్యాకింగ్ మాత్రం కాదు.

కొత్త ఫ్యాన్లు బజారులోకి వెళ్లి ఎనిమిది నెలలైంది. ఒక మధ్యాహ్నం కౌంటరు దగ్గరికి ఒకాయన వచ్చాడు. ఒక చేతిలో ఫ్యాను, ఇంకో చేతిలో దాని మూత. తప్పు చేసినవాడిలా నిలబడ్డాడు.

"తుడుస్తుంటే ఇది ఊడొచ్చిందండీ. విరగ్గొట్టేసినట్టున్నాను. వారం నుంచి మూలుగుతోంది కూడా."

పెద్దక్క చెయ్యి అలవాటుగా ముందుకు పోయింది. మధ్యలో ఆపి, వెనక్కి తీసుకుంది.

"విరగలేదు. మూత లోపలి వైపు చూడండి. చిన్న నూనె గొట్టం ఉందా?"

"ఉంది."

"ఫ్యాను వెనక ఎర్ర చుక్క పెట్టిన చోట దాంతో రెండు చుక్కలు వెయ్యండి. రెక్క చేత్తో తిప్పండి. ఇప్పుడు మూత పెట్టండి, టక్కుమనేదాకా."

ఆయన భయం భయంగా అన్నీ చేశాడు. తీగ గుచ్చి స్విచ్ వేశాడు. ఫ్యాను చప్పుడు లేకుండా తిరిగింది, కౌంటరు మీది కాగితాలు లేచాయి.

"ఇంతేనా?"

"ఇంతే."

ఆయన మొహం వెలిగిపోయింది. ఫ్యాను చంకన పెట్టుకుని, వచ్చినప్పటికంటే నిటారుగా నడుచుకుంటూ పోయాడు. పెద్దక్క ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసింది. చేతులు ఖాళీగా ఉన్నాయి, గుండె మాత్రం పట్టలేనంత సంతోషంగా ఉంది.

వెనక నుంచి తోటి మనిషి రిజిస్టరు తెరిచి అడిగింది. "అక్కా, బాగుచేసినవారు అనే చోట ఎవరి పేరు రాయను? నీదేనా?"

"నాది కాదు" అంది పెద్దక్క. "ఆయనే చేసుకున్నాడని రాయి."